డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: తోడుచుక్కలో దాగిన ఔషధం

నల్లమల అడవి అంచున ఉన్న మా ఆత్మకూరులో వేసవి వచ్చిందంటే ప్రతి ఇంటా మజ్జిగ కుండ నిండుతుంది. ఒక ఇంట దానిని పెరుగు అంటారు, పక్క ఇంట దహీ అంటారు. పేరు ఏదైనా, రాత్రివేళ గోరువెచ్చని పాలలో వేసే తోడుచుక్క ఒకటే. ఇంట తోడు లేనినాడు గిన్నె పట్టుకొని పొరుగింటి గడప తొక్కడం మా వీధులలో మతభేదమెరుగని ఆచారం. పసిబిడ్డకు కడుపు జారినప్పుడు పలుచని మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నం పెట్టమని అవ్వలు చెబుతారు, నానీలూ చెబుతారు. ఇటీవల కొన్ని సంవత్సరాలుగా మాత్రం మజ్జిగ మాన్పించి, మందుల అంగడిలో పొట్లం కొని నీళ్ళలో కలిపి పోయడం ఎక్కువైంది. ఆ పొట్లం మీద లాక్టోబాసిల్లస్ అనే పేరు ఉంటుంది. ఆ పేరు చదివి అదేదో కొత్త ఔషధమని భ్రమించేవారు చదువుకున్న వారిలోనూ కలరు. అది పెరుగు కుండలోని సూక్ష్మజీవికి దగ్గరి చుట్టమే.

ఆ జాతి సూక్ష్మజీవినే కొలబద్దగా చేసుకొని, తన సోదరులను బలిగొన్న పేగుల వ్యాధికి మందు వెతికిన తెలుగువాడొకడు ఉన్నాడు. ఆయన పేరు మా పాఠ్యపుస్తకాలలో ఒకటి రెండు పంక్తులకు మించి కనిపించదు. అందుచేత డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితాన్ని, ముఖ్యంగా అందులో పేగుల ఆరోగ్యానికి సంబంధించిన భాగాన్ని, ఈ సంచికలో మా పాఠకుల ముందుంచుతున్నాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం నుండి ముందే తప్పుకోవలసి వచ్చింది. బాలుడైన సుబ్బారావుకు చదువు మీద కన్న డబ్బు సంపాదన మీద ధ్యాస ఎక్కువగా ఉండేదట. పదమూడేళ్ళ ప్రాయంలో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. తల్లి తన బంగారం అమ్మి మద్రాసుకు పంపిందని చెబుతారు. అక్కడ హిందూ హైస్కూలులో మూడవ ప్రయత్నంలో గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. పరీక్ష ఒకసారి తప్పి తలవంచుకొని తిరిగే మా విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకుంటే మాకు సంతోషం.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేట్ చదివే రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యసించదలచిన ఆ యువకునికి మఠంలోని పెద్దలే వైద్యం చదివి సేవ చేయమని హితవు చెప్పారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆర్థికంగా తోడ్పడ్డారు. తరువాత 1919లో వారి కుమార్తె శేషగిరి ఆయనకు భార్య అయింది. ఆ కాలంలో గాంధీజీ పిలుపునందుకొని సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళారు. తెల్లదొర అయిన ఆచార్యునికి అది కంటగింపయింది. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసు తలుపులు మూసుకున్నాయి. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగమే ఆయనకు ఆధారమైంది.

ఆయన యౌవనంలోనే ఆ కుటుంబం మీద ఒక పిడుగు పడింది. సోదరులు పురుషోత్తం, కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలో ఒకరి వెంట ఒకరు మరణించారు. ఆ వ్యాధిని ఆంగ్ల వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అంటారు. మన వైద్యులు సంగ్రహణి అని పిలిచే వ్యాధి లక్షణాలు దీనికి చాలా దగ్గరగా ఉంటాయి. నెలల తరబడి నురుగుతో కూడిన విరేచనాలు అవుతాయి, నాలుక పుండై ముద్ద మింగుడు పడదు, తిన్నది ఒంటబట్టదు, రక్తం పలుచబడి మనిషి కళ్ళముందే కరిగిపోతాడు. చిన్నపేగు లోపలి పొర చదునై, ఆహారంలోని సారాన్ని పీల్చే శక్తి కోల్పోవడం దీనికి మూలం. సుబ్బారావు కూడా ఈ వ్యాధి వాతబడ్డారు. ఆంగ్ల వైద్యం చేతులెత్తేయగా లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. గ్రహణి రోగికి ఆయుర్వేదం మజ్జిగను ప్రధానమైన పథ్యంగా విధించిందని మా పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఈ వ్యాధి గోదావరి తీరానికే పరిమితం కాదు. 1960వ దశకం తొలి సంవత్సరాలలో మా రాయలసీమకు ఆనుకొని ఉన్న ఉత్తర ఆర్కాటు పల్లెలలో ఇది మహమ్మారిలా వ్యాపించింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు పల్లె పల్లె తిరిగి దానిని పరిశీలించారు. బావి నీరు, పరిసరాల పారిశుధ్యం సరిగా లేని చోట్ల ఇటువంటి పేగుల వ్యాధులు పెద్దలతో పాటు పిల్లలనూ పట్టుకుంటాయి.

సోదరుల మరణం తరువాత ఉష్ణదేశపు వ్యాధుల అధ్యయనం సుబ్బారావుకు జీవిత లక్ష్యమైంది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారి ఆసరా తోడు కాగా 1922లో అమెరికా ప్రయాణం కట్టారు. మూడేళ్ళలో తిరిగివస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్ళిన ఆయన మళ్ళీ ఈ గడ్డ మీద కాలు మోపలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. మహనీయుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఈ ఘట్టాన్ని త్యాగమని పొగిడి ముందుకు సాగుతారు. ఆ త్యాగంలో సగానికి పైగా శేషగిరమ్మ గారిదేనని మేము భావిస్తున్నాము.

అక్టోబరు చలిలో బోస్టన్ నగరం చేరిన సుబ్బారావు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్య పాఠశాలలో చేరారు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. డిప్లొమా వచ్చాక సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని జీవరసాయన ప్రయోగశాలలో కుదురుకున్నారు. రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని నీలిరంగు ఆధారంగా కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి ఇప్పటికీ వారి పేర్లతోనే వ్యవహారంలో ఉంది. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లోను, జీవకణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోను వెల్లడించారు. రెండవదానిని అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు. 1930లో డాక్టరేటు లభించింది. ఈ కృషిని గురించి ఒక గ్రంథమే వ్రాయవచ్చు గాని మా ప్రస్తుతాంశం వేరు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు తరలివెళ్ళి, కొద్ది కాలంలోనే అక్కడి పరిశోధన శాఖకు అధిపతి అయ్యారు.

సోదరులను చంపిన వ్యాధిని ఆయన మరువలేదు. స్ప్రూ రోగుల రక్తంలో ఎర్రకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో ఉబ్బుతాయి. ఇటువంటి రక్తహీనతకు కాలేయపు సారం పనిచేస్తుందని అప్పటికే తెలుసు. అంతకు పూర్వం 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపింది. కాలేయంలోను ఈస్టులోను ఉన్న ఆ పదార్థమేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. గుండుసూది మొనంత కూడా లేని ఆ పదార్థాన్ని మణుగుల కొద్దీ కాలేయం నుండి వేరుచేయాలంటే, వడకట్టిన ప్రతిసారీ అది ఏ పాత్రలో మిగిలిందో కనిపెట్టే సాధనం కావాలి. దానిని పట్టిచ్చే రసాయన పరీక్ష అప్పటికి లేదు. ప్రతి పాత్రకూ ఒక రోగిని వెతకడం అసాధ్యం.

అప్పుడు పాలను పులియబెట్టే సూక్ష్మజీవి అక్కరకు వచ్చింది. లాక్టోబాసిల్లస్ కేసీ అని ఆనాడు పిలిచిన ఆ జీవి పాల పదార్థాలలోను, మనుష్యుల పేగులలోను నివసిస్తుంది. చక్కెరను ఆమ్లంగా మార్చడం దాని స్వభావం. పాలు తోడుకొని పులవడం ఆ ఆమ్లం వల్లనే. దానికి బ్రతకడానికి ఆ అజ్ఞాత పదార్థం అవసరం, కాని స్వయంగా తయారు చేసుకోలేదు. అందుచేత మిగిలిన పోషకాలన్నీ ఉంచి ఆ ఒక్కటి లేకుండా చేసిన ద్రవంలో దానిని వేస్తే పెరగదు. కాలేయపు సారం ఒక చుక్క కలిపితే, అందులో ఆ పదార్థం ఉన్నంత మేరకు పెరిగి ద్రవాన్ని పులియబెడుతుంది. పులుపును కొలిస్తే పదార్థమెంతో తేలుతుంది. పెరుగు పులిసిందా లేదా అని మా ఇళ్ళలో వేలితో నాలుక మీద వేసుకొని చూసే పరీక్షకు ఇది ప్రయోగశాలలోని రూపాంతరమే. టెక్సాస్ శాస్త్రజ్ఞులు ఇటువంటిదే మరొక పాల సూక్ష్మజీవితో పరీక్షిస్తూ టన్నుల కొద్దీ పాలకూర నుండి ఆ పదార్థాన్ని వేరుచేసి, ఆకు నుండి వచ్చినది కనుక 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

సుబ్బారావు నాయకత్వంలో స్టోక్‌స్టాడ్, హచింగ్స్ మొదలైనవారు కాలేయం నుండి ఆ పదార్థాన్ని శుద్ధంగా వేరుచేసి, దాని నిర్మాణాన్ని ఛేదించి, కృత్రిమంగా తయారు చేశారు. 1945 ఆగస్టులో ప్రకటించిన ఆ వ్యాసం శీర్షికలోనే లాక్టోబాసిల్లస్ కేసీ పేరు ఉన్నది. దానికి కర్తలు పదహారుగురు, అందులో సుబ్బారావు ఒకరు. టామ్ స్పీస్ అనే వైద్యుడు ఆ మందును స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా నాలుక పుండ్లు మాని, ఆకలి పుట్టి, రక్తం వృద్ధి చెందింది. సోదరుల మరణానికి, ఈ ఫలితానికి మధ్య ఇంచుమించు పాతికేళ్ళ దూరం ఉన్నది.

కథ అంతటితో ముగియలేదు. అదే ప్రయోగశాలలో సుబ్బారావు ప్రోత్సాహంతో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టి నమూనాలు పరీక్షించి ఆరియోమైసిన్ అనే బంగారు వర్ణపు ఔషధాన్ని కనుగొన్నాడు. 1948లో దానిని లోకానికి వెల్లడించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే ఆద్యం. స్ప్రూ వ్యాధిలో చిన్నపేగులో ఉండరాని సూక్ష్మజీవులు పెచ్చుపెరుగుతాయని తరువాతి కాలంలో తెలిసింది. కనుక నేడు ఆ వ్యాధికి ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్ కలిపి నెలల తరబడి ఇస్తారు. ఆ చికిత్సలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనదీ, టెట్రాసైక్లిన్ కుటుంబపు తొలి ఔషధం పుట్టినదీ సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే. ఇది తెలిసినప్పుడు మాకు చాలాసేపు మాట రాలేదు.

పిల్లలకు ఆయన చేసిన మేలు మరొకటి ఉన్నది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని లెడర్లీ వారు తయారు చేసి బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించారు. రక్తపు క్యాన్సరుతో మరణించబోతున్న 16 మంది బిడ్డలలో 10 మందికి తాత్కాలికంగానైనా అది ఉపశమనమిచ్చిందని 1948 జూన్‌లో ఆయన ప్రకటించాడు. అంతవరకు ఆ వ్యాధికి మందన్నదే లేదు. అయితే ఆ మందు బిడ్డల నోటిలో పుండ్లు పుట్టించింది. పేగు పొర కణాలు కొన్ని రోజులకే రాలి కొత్తవి పుడుతుంటాయి గనుక వాటికి ఫోలిక్ ఆమ్లం నిరంతరం అవసరం. అది లోపించినా, దానిని అడ్డుకున్నా దెబ్బ ముందు నోటి మీద, పేగు మీద పడుతుంది.

ఇక ఆ సూక్ష్మజీవి మాటకు వద్దాము. నాడు కేసీ అని పిలిచిన పరీక్షాజీవిని తరువాతి వర్గీకరణలో రామ్నోసస్ అనే జాతిలో చేర్చారు. 1980వ దశకంలో అదే బోస్టన్ నగరంలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతుని పేగు నుండి ఆ జాతికే చెందిన ఒక వంగడాన్ని వేరుచేశారు. పిల్లల విరేచనాలకు అమ్మే ప్రోబయోటిక్ పొట్లాలలో అది ప్రపంచమంతటా ప్రసిద్ధమైంది. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్ అని 2001లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. పాలు పులియబెట్టే జీవులు దీర్ఘాయువునిస్తాయని మెచ్నికాఫ్, తల్లిపాలు త్రాగే శిశువు పేగులలో ప్రత్యేకమైన మేలుజీవులుంటాయని టిస్సియే పారిస్ నగరంలో అంతకు నూరేళ్ళ ముందే చెప్పి ఉన్నారు.

ఆ పొట్లాలు అద్భుతాలు చేస్తాయా అంటే, చేస్తాయని నిస్సంకోచంగా చెప్పలేము. 2018లో ప్రకటించిన పరిశోధనలలో అమెరికాలోను కెనడాలోను వందలాది పసిపిల్లలకు వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ జాతి సూక్ష్మజీవులను ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి పొడి ఇచ్చిన పిల్లలకన్న వారు ముందుగా కోలుకోలేదు. మరొక వైపు, 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఒడిశా పల్లెలలోని 4,500 పైచిలుకు నవజాత శిశువులకు వేరొక లాక్టోబాసిల్లస్‌ను, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరను కలిపి ఇవ్వగా రక్తం విషమించే వ్యాధి గణనీయంగా తగ్గింది. అంటే ఏ జాతి, ఏ వయసు, ఏ జబ్బు అన్న తేడాలు ఇక్కడ ప్రాణప్రదమైనవి. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు వైద్యుని పర్యవేక్షణ లేకుండా వీటిని పోయడం ప్రమాదం కూడా. మా ఇంటి పెరుగులో ఏ వంగడం ఎంత ఉన్నదో ఎవరూ కొలవరు కనుక శాస్త్రం దానిని ప్రోబయోటిక్ అని పిలవడానికి వెనుకాడుతుంది. అయినను అది చక్కని ఆహారమనడంలో సందేహం లేదు.

మా ప్రాంతంలో మేము చూస్తున్న పొరపాటు వేరే ఉన్నది. బిడ్డకు రెండు విరేచనాలు కాగానే తిండి మాన్పించడం, వైద్యుని చూపకుండానే క్రిమిసంహారక ఔషధం కొని పోయడం. సుబ్బారావు వంటివారి శ్రమతో లభించిన ఆ ఔషధాలు కావలసినప్పుడు ప్రాణదాతలే. కాని అవి మేలుజీవులను, కీడుజీవులను ఒకే కాటున నరుకుతాయి. పసివారికి ఆ మందు వల్లనే మరిన్ని విరేచనాలు కలగడం తరచు జరిగేదే. టెట్రాసైక్లిన్ అయితే ఎనిమిదేళ్ళ లోపు పిల్లల పళ్ళను శాశ్వతంగా మరకపరుస్తుంది. విరేచనాలలో బిడ్డను చంపేది నీరు, ఉప్పు తరిగిపోవడం. కాబట్టి ఓ.ఆర్.ఎస్. నీరు చెంచాతో కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. 14 రోజుల వరకు జింకు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు లోపు వారికి 10 మిల్లీగ్రాములు. తల్లిపాలు ఒక్క పూటైనా ఆపరాదు. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప నీరు కూడా అక్కరలేదు, ఈ వయసులో జబ్బు చేసినప్పుడు ఓ.ఆర్.ఎస్., వైద్యుడు చెప్పిన మందు మాత్రమే మినహాయింపు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె నాకించే ఆచారం మా రెండు సమాజాలలోనూ ఉన్నది. ఏడాది నిండని బిడ్డ పేగులలో తేనెలోని ఒక సూక్ష్మజీవి విషం పుట్టించగలదని తెలిసిన తరువాత వైద్యులు దానిని వద్దంటున్నారు. ఈ మాట పెద్దలకు నచ్చచెప్పడం సులభం కాదని మాకు తెలుసు. ఆరు నెలలు దాటాక మెత్తని రాగి సంగటి, పెరుగన్నం కొంచెం కొంచెంగా అలవాటు చేయవచ్చు. మలంలో రక్తం కనిపించినా, కళ్ళు లోతుకు పోయి బిడ్డ మగతగా ఉన్నా ఇంటి వైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

సుబ్బారావు చివరి సంవత్సరాలు క్షణం తీరిక లేని పరిశోధనలో గడిచాయి. మన గోదావరి జిల్లాలను పీడించే బోదకాలుకు పనికివచ్చే హెట్రజాన్ ఔషధం కూడా 1947లో ఆయన బృందం నుండే వెలువడింది. తన పేరు ముందుకు నెట్టుకొనే స్వభావం ఆయనకు లేదు. సహచరులకు పేరు వచ్చే సభలలో వెనుక వరుసలో కూర్చునేవారట. 1948 ఆగస్టు 9న న్యూయార్క్ ప్రాంతంలోని నివాసంలో ఆయన మరణించి ఉండగా కనుగొన్నారు. గుండెపోటు. వయస్సు 53. ఫార్బర్ వ్యాసం వెలువడి రెండు నెలలే అయింది. నోబెల్ పురస్కారం రాలేదు. భారత ప్రభుత్వం శతజయంతి సందర్భంగా 1995లో తపాలా బిళ్ళ వెలువరించింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.

ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండు మార్లు ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున పోయడానికి ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మందులో, ప్రతి మోతాదుకు 20 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్నది. గర్భిణులకు ఇచ్చే మాత్రలో 500 మైక్రోగ్రాములు. మా ఆత్మకూరు అంగన్‌వాడీ గడపలో తల్లి ఒడిలోని బిడ్డ ఆ తీపి మందును చప్పరించేటప్పుడు అందులోని పసుపుపచ్చని పదార్థం భీమవరపు మనిషి శుద్ధి చేయించినదని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. వచ్చే సంవత్సరం ఆయన జయంతి నాడు మా విద్యార్థులు ఉర్దూలోను తెలుగులోను ఒక కరపత్రం అచ్చువేసి ఆ గడపలలో పంచుతామంటున్నారు.